బ్రిడ్జర్టన్ నవలలను ఏ వరుసలో చదవాలి?

నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక చూడకముందే జూలియా క్విన్ రాసిన ఎనిమిది బ్రిడ్జర్టన్ నవలలనూ చదవాలనుకుంటున్నారనీ, వరుస తప్పినా ఫరవాలేదా, ఆ కథలు జరిగే పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల ఇంగ్లండు పద్ధతులు మనకు అర్థమవుతాయా అనీ మీరు అడిగారు. 2000 నుంచి 2006 వరకు అవి వెలువడిన వరుసలోనే చదవండి. నేను అలా చదవక నష్టపోయాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల మధ్య నాకు మొదట దొరికింది నాలుగో నవల. దొరికిందే చాలనుకుని ఆ రాత్రే మొదలుపెట్టి, తెల్లవారేలోగా ముగించాను. మొదటి నవలలలో ప్రతి అధ్యాయానికీ ముందు, లేడీ విజిల్‌డౌన్ అనే మారుపేరుతో లండన్ పెద్దింటివాళ్ల గుట్టు బయటపెట్టే పత్రికలోంచి నాలుగైదు వాక్యాలు ఉంటాయి. ఆ పేరు వెనుక ఉన్నదెవరో నాలుగో నవలలో బయటపడుతుంది. అది తెలిశాక వెనక్కి వెళ్లి మొదటి మూడూ చదివితే, ప్రతి విందులోనూ ఎవరు ఏ మూల నిలబడి ఏం విన్నారో ఊహించుకునే సంతోషం నాకు మిగలలేదు. ధారావాహిక ఈ రహస్యాన్ని మొదటి సీజన్ చివరలోనే చెప్పేస్తుంది కాబట్టి ముందు పుస్తకాలే చదవాలన్న మీ నిర్ణయం సరైనది.

ఒక్క విషయంలో తికమక పడకండి. బ్రిడ్జర్టన్ కుటుంబంలోని ఎనిమిదిమంది తోబుట్టువులలో ఒక్కొక్కరిదీ ఒక్కో నవల. వాళ్ల పేర్లు పుట్టిన వరుసలో ఆంథొనీ, బెనెడిక్ట్, కోలిన్, డాఫ్నీ అంటూ ఇంగ్లీషు అక్షరమాల క్రమంలో సాగుతాయి గానీ, మొదటి నవల నాలుగో సంతానమైన డాఫ్నీది.

ఇక అర్థమవుతాయా అన్న ప్రశ్న. మాటలు సులువే, మాటామాటా విసురుకునే సంభాషణలు ఇంకా సులువు. నేను ఆగిపోయింది వారసత్వం దగ్గర. మొదటి నవలలో కథానాయకుడు సైమన్ ఒక డ్యూక్, అంటే ఆ దేశపు ప్రభువులలో అందరికంటే పై బిరుదు గలవాడు. చిన్ననాడు నత్తి ఉందని తనను వెలివేసినట్టు చూసిన తండ్రి మీద పగతో, తనకు సంతానం కలగనివ్వననీ, ఆ వంశం పేరు తనతోనే అంతరించాలనీ ఒట్టు పెట్టుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు, ఎవరినైనా దత్తత తీసుకుంటే పోయేదానికి ఇంత పంతం ఎందుకని విసుగు కలిగింది. దత్తత చెల్లదంటూ లండన్‌లో అప్పటి చివరి న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన జమీందారీ దావాల కథలు వింటూ పెరిగినవాళ్లకు ఆ ఆలోచన రావడం సహజమే. తరువాత తెలిసిందేమిటంటే, ఇంగ్లండులో దత్తతకు చట్టమే 1926 దాకా లేదు, ఆ తరువాత కూడా బిరుదు పెంపుడు కొడుక్కి దక్కదు. ధర్మపత్నికి పుట్టిన కొడుకే వారసుడు, కొడుకు లేకపోతే తండ్రి వంశంలోని దగ్గరి మగ బంధువు. అది తెలిసి మళ్లీ చదివినప్పుడు సైమన్ పంతం తండ్రి సమాధి మీద విసిరిన రాయిలా తోచింది. తల్లి కావాలని తపించే డాఫ్నీకి ఆ ఒట్టు ఎంత బరువో కూడా అప్పుడే అర్థమైంది.

ఆరో నవలలో ఇదే చట్టం మరింత కఠినంగా ఎదురవుతుంది. బ్రిడ్జర్టన్‌లలో ఆరో సంతానమైన ఫ్రాన్సెస్కా గర్భవతిగా ఉండగా, ఎర్ల్ అనే ప్రభు బిరుదు గల భర్త హఠాత్తుగా చనిపోతాడు. పుట్టేది మగబిడ్డ అయితే ఆ పసికందే ఎర్ల్, కాకపోతే బిరుదు భర్త పినతండ్రి కొడుకు మైకేల్‌కు వెళుతుంది. ఆ మైకేల్ ఆమెను మొదటినుంచీ మౌనంగా ప్రేమిస్తున్నవాడు. దుఃఖంలో ఉన్న ఒక ఆడమనిషి కడుపు వైపు బంధువర్గమంతా లెక్కలు వేస్తూ చూసే ఆ పుటలను నేను ఒక్క బిగిన చదవలేకపోయాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రెండోది. తండ్రి ముప్పై ఎనిమిదేళ్లకే తేనెటీగ కుట్టి చనిపోయినందున, తాను కూడా ఆ వయసు దాటనని పెద్దకొడుకు ఆంథొనీ నమ్ముతాడు. తోటలో కథానాయిక కేట్‌ను తేనెటీగ కుట్టినప్పుడు ఆమె నవ్వి తీసిపారేస్తుంటే, అతడు మాత్రం వణికిపోతూ, నలుగురూ చూస్తే ఏమవుతుందన్న స్పృహ కూడా లేకుండా విషం తీసేయాలని తాపత్రయపడతాడు. పైకి నవ్వొచ్చే సన్నివేశమే, కానీ నాకు కళ్లు చెమర్చాయి.

రెండు మాటలు ముందే చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. మొదటి నవలలో తాగి ఉన్న భర్త ఇష్టానికి విరుద్ధంగా భార్య నడుచుకునే పడకగది ఘట్టం ఒకటి ఉంది. దాన్ని ప్రేమగా ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. అలాగే ఆ భవనాల, విందుల ఖర్చుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఈ నవలలు దాదాపు పట్టించుకోవు. అప్పటి బ్రిటిష్ సంపన్న కుటుంబాలలో చాలామందికి కరీబియన్ బానిసల చెరకుతోటల నుంచీ, మన దేశంలో కంపెనీ వ్యాపారం నుంచీ ఆదాయం వచ్చేది. అది గుర్తుంచుకునే నేను చదివాను, అయినా ఆ కుటుంబం మీద మమకారం తగ్గలేదు.

ఈ నవలలను రీజెన్సీ కథలంటారు. రీజెన్సీ అంటే మూడో జార్జి రాజుకు మతి చలించగా యువరాజు పాలించిన 1811-1820 కాలం. నిజానికి ఆ కాలంలో జరిగేవి మొదటి మూడు కథలే. నాలుగు, అయిదు, ఆరు నవలల సంఘటనలు 1824 ప్రాంతంలో ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి కనుక ఆ మూడింటినీ ఎక్కువ ఎడం లేకుండా చదవండి. 2013లో వచ్చిన అనుబంధ కథల సంపుటాన్ని మాత్రం ఎనిమిదీ అయ్యేదాకా తెరవవద్దు. ఎనిమిదో బిడ్డ కడుపులో ఉండగానే భర్తను పోగొట్టుకుని, అందరినీ ఒంటరిగా పెంచిన తల్లి వయొలెట్ కథ అందులోనే ఉంది.