టెక్ సందేహాలు: 9 నొక్కమంటే నొక్కాలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో యాప్‌ల గోల తక్కువ. ఎక్కువ మంది ఫోన్ కాల్ గురించే అడిగారు, అదీ అవతల మనిషి లేని కాల్ గురించి.

ఇంటర్నెట్ బిల్లు తప్పుగా వచ్చిందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ‘తెలుగు కోసం 2 నొక్కండి’ అంది. చెవి దగ్గర నుంచి ఫోన్ తీసి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది. అది వెలిగి, నేను అంకె వెతుక్కునేలోపు ‘మీరు ఏ ఆప్షనూ ఎంచుకోలేదు’ అని మళ్లీ మొదటికొచ్చింది. కీప్యాడ్ సౌండ్ ఆఫ్‌లో ఉంది కాబట్టి నేను నొక్కింది వాళ్లకి వినపడటం లేదని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. అంకెలు శబ్దాలుగా వెళ్లడం నిజమే. 1963లో అమెరికాలో బటన్ల ఫోన్లు వచ్చినప్పటి నుంచి ఒక్కో అంకెకు రెండేసి స్వరాలు కేటాయించారు. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి మోగుతాయి. అవతలి యంత్రం ఆ జంటను బట్టి అంకెను పోల్చుకుంటుంది. రెండు స్వరాలు ఎందుకంటే మన మాటలోనో దగ్గులోనో ఒక స్వరం పొరపాటున పలికినా, సరిగ్గా ఆ జంట కుదరడం అరుదు.

అయితే సెల్‌ఫోన్‌లో ఆ శబ్దం మైకు గుండా వెళ్లదు. మీరు 2 నొక్కగానే ‘2 నొక్కారు’ అన్న సంకేతం విడిగా నెట్‌వర్క్‌కి చేరుతుంది. మీకు వినిపించే టిక్కు టిక్కు మీ తృప్తి కోసమే. సౌండ్ ఆఫ్‌లో ఉన్నా అంకె వెళుతుంది.

మీ ఇబ్బందికి అసలు కారణం నల్లబడే స్క్రీన్. బుగ్గ తగిలి కాల్ కట్ అయిపోకుండా, ముఖం దగ్గరగా ఉన్నంతసేపూ స్క్రీన్‌ని ఆర్పేసే సెన్సర్ ఒకటి ఫోన్ పైభాగంలో ఉంటుంది. టెంపర్డ్ గ్లాస్ సరిగ్గా అతకకపోయినా, అక్కడ జిడ్డు పట్టినా అది ముఖం ఇంకా అక్కడే ఉందనుకుంటుంది. ముందు ఆ చోటు తుడవండి. ఇకపై నంబర్ డయల్ చేయగానే స్పీకర్ ఆన్ చేసి, కీప్యాడ్ తెరిచి, ఫోన్‌ను బల్ల మీద పెట్టేయండి. కస్టమర్ ఐడీ, పెన్ను, కాగితం పక్కనే ఉండాలి. బ్యాంకుకు వెళ్లేటప్పుడు పాస్‌బుక్కు పట్టుకెళ్లినట్టే ఇదీ.

ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ కూడా ఉంటే, దాని అడుగునో పక్కనో పీ, టీ అని చిన్న మీట ఉందేమో చూడండి. పీలో ఉంటే యంత్రానికి స్వరాలు వెళ్లవు. టీలో పెట్టాలి.

మనిషితో మాట్లాడించే దొంగదారి ఏదైనా ఉందా?
– కరీంనగర్ నుంచి ఒక గృహిణి

అన్నిచోట్లా పనిచేసే బటన్ లేదు. సున్నా నొక్కితే చాలని వాట్సాప్‌లో తిరిగే చిట్కా కొన్నిచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల కాల్ కట్ చేస్తుంది. రైల్వే 139లో స్టార్ గుర్తు నొక్కితే సిబ్బందితో కలుపుతారు. టెలికాం కంపెనీలకైతే వాటిని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2012లోనే నిబంధన పెట్టింది: మొదట భాష, తర్వాత ఫిర్యాదు రకం, మూడో మెట్టులో మనిషితో మాట్లాడే ఆప్షన్ ఉండి తీరాలి. కాబట్టి సిమ్ కంపెనీకి ఫోన్ చేసినప్పుడు రెండో మెట్టులో విసిగి పెట్టేయకండి. మనిషి దొరికాక ముందు డాకెట్ నంబర్, అంటే మీ ఫిర్యాదుకిచ్చే నంబర్, అడిగి రాసుకోండి. అది లేకపోతే రేపు మళ్లీ కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఓసారి ఒక కొరియర్ సంస్థ లైన్లో ఇరవై నిమిషాలకు పైగా వేణువు విన్నాను. చివరికి ఓ గొంతు పలికింది. సంబరపడేలోపే ‘మా సేవకు ఒకటి నుంచి ఐదు వరకు రేటింగ్ ఇవ్వండి’ అంది. ఒకటి నొక్కాను. మీరైనా అంతే చేస్తారు.

తరచూ ఒకే నంబర్‌కి చేసి అవే అంకెలు నొక్కేవాళ్లకు మాత్రం ఒక సుఖం ఉంది. కాంటాక్ట్ సేవ్ చేసేటప్పుడు నంబర్ తర్వాత కామా పెడితే ఫోన్ రెండు సెకన్లు ఆగి తర్వాతి అంకె తానే నొక్కుతుంది. నంబర్ చివర ,,2,,,3 అని పెట్టారనుకోండి, నాలుగు సెకన్లకు 2, మరో ఆరు సెకన్లకు 3. కామాకు బదులు సెమికోలన్ పెడితే మీరు సరే అనేదాకా ఆగుతుంది. కీప్యాడ్ గుర్తుల్లో ఇవి పాజ్, వెయిట్ అనే పేర్లతో కనిపిస్తాయి. కంపెనీ వాళ్లు మెనూ మార్చినప్పుడల్లా సరిచేసుకోవాలి. పిన్ నంబర్ మాత్రం ఇలా దాచుకోకండి, ఫోన్ ఎవరి చేతిలో పడితే వాళ్లకి కనపడుతుంది.

‘మీ నంబర్ రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు 9 నొక్కండి’ అని ట్రాయ్ పేరుతో కాల్ వచ్చింది. టెన్షన్‌లో నొక్కేశాను. వెంటనే పెట్టేశాను. ఖాతాలో డబ్బులు పోతాయా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

పోవు. పైన మాస్టారికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది: నొక్కితే వెళ్లేది ఒక అంకె మాత్రమే. అంకెతో ఎవరూ మీ ఫోన్‌లోకి దూరలేరు. కాకపోతే ఈ నంబర్‌లో మాట వినే మనిషి ఉందని వాళ్లకి తెలిసిపోయింది. ఇలాంటి కాల్స్ మళ్లీ రావచ్చు. ట్రాయ్ ఎవరికీ ఫోన్ చేసి నంబర్ ఆపేస్తామని చెప్పదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది దీని తర్వాతి మెట్టు. ఓటీపీ నోటితో చెప్పకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకే మోసగాళ్లు ‘భద్రత కోసం మీ ఓటీపీని కీప్యాడ్‌పై నొక్కండి’ అని యంత్రం చేత అడిగిస్తారు. మనిషికి చెప్పడం లేదు కదా అని నొక్కేస్తాం. నోటితో చెప్పినా, వేలితో నొక్కినా చేరేది ఆ మోసగాళ్లకే. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో చూడండి. కార్డు వెనక ఉన్న నంబర్‌కి మీరే చేసి, అంకెలు నొక్కడం వేరు. వాళ్లు చేసిన కాల్‌లో అలా నొక్కడం వేరు.

బ్యాంకులు ఖాతా విషయమై చేసే కాల్స్ 1600తో, ప్రచార కాల్స్ 140తో మొదలవ్వాలి. మామూలు పదంకెల నంబర్ నుంచి బ్యాంకు పేరు చెబితే అనుమానించండి. విసిగించే ప్రకటనల కాల్స్‌పై 1909కి ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. 2025కి ముందు మూడు రోజులే గడువుండేది. మోసపు కాల్ అయితే ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో ఫిర్యాదుకు ‘చక్షు’ అనే విభాగం ఉంది. డబ్బు పోతే మాత్రం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930.

డాలస్‌లో ఉంటాను. నాన్నగారి బ్యాంకు 1800 నంబర్ ఇక్కడి నుంచి కలవడం లేదు.

టోల్‌ఫ్రీ కాల్ ఖర్చు పెట్టుకునేది బ్యాంకు, అదీ దేశంలోపలి కాల్స్‌కే. బ్యాంకు సొంత సైట్‌లో విదేశాల నుంచి చేసేవాళ్ల కోసం +91తో మొదలయ్యే మామూలు నంబర్ ఉందేమో చూడండి. గూగుల్‌లో కనిపించిన ఏదో ఒక నంబర్ నమ్మొద్దు, అక్కడ నకిలీ కస్టమర్ కేర్‌లు కాచుకుని ఉంటాయి. ఖాతా నాన్నగారిది కాబట్టి ఆయన్ని కాన్ఫరెన్స్‌లో కలుపుకోండి, వివరాలు ఆయన్నే చెప్పనివ్వండి. ఇక్కడ ఉదయం పది అంటే వేసవిలో మీకు రాత్రి పదకొండున్నర, ఆ వేళకు మేలుకుని ఉండాలి మరి.