సినిమా ఒకటే, ప్రతులు వేరు

(ఏలూరులో గ్రంథపాలకురాలిగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన ఈ శీర్షిక రచయిత్రి ఇంట్లో ఇప్పుడు పుస్తకాల కంటే సినిమాలే ఎక్కువ. వీడియో క్యాసెట్లు, వీసీడీలు, డీవీడీలు, హార్డ్ డిస్కులు అన్నిటికీ గ్రంథాలయ పద్ధతిలో నంబర్లు వేసి దాచుకున్నారు. ఇంటి సినిమా సేకరణ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల ఆమె జవాబులు.)

ప్రశ్న: అమ్మా, పాత సినిమాలన్నీ యూట్యూబులో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకా బీరువాల నిండా డిస్కులు పేర్చుకోవడం చాదస్తం కాదా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: చాదస్తమే, కాదనను. కానీ నాయనా, ‘అన్నీ దొరుకుతున్నాయి’ అన్నావే, అక్కడే నీకూ నాకూ పేచీ. దొరుకుతున్నది సినిమా పేరు. ఆ పేరు కింద పెట్టినది ఏ ప్రతి అని ఎవరూ అడగరు. గ్రంథాలయంలో ఒకే నవలకు మూడు ముద్రణలు వస్తే మూడింటికీ వేరువేరు నంబర్లు వేసేవాళ్లం. ఒకదానిలో పీఠిక ఉండదు, మరొకదానిలో చివరి పుటలు ఎగిరిపోయి ఉంటాయి. సినిమాల సంగతీ అంతే.

‘మాయాబజార్’నే తీసుకో. 1957 నాటి నలుపు తెలుపు చిత్రం మూడు గంటలకు పైనే నడుస్తుంది. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు. నా దగ్గర రెండూ ఉన్నాయి. రంగుల ప్రతి ఒక్కటే చూసి పెరిగిన మా మనవలకు, సినిమాలో ఇంకా కొంత ఉందన్న సంగతే తెలియదు.

ఇంకో రోగం ఉంది. అప్పటి సినిమా బొమ్మ ఎత్తు మూడు పాళ్లయితే వెడల్పు నాలుగు పాళ్లు, ఇంచుమించుగా. ఇప్పటి టీవీ తెర అంతకంటే బాగా వెడల్పు. అటూ ఇటూ నల్ల పట్టీలు కనిపిస్తే చూసేవాళ్లు విసుక్కుంటారని, బొమ్మను పైనా కిందా కోసి తెర నిండా పరుస్తారు. అలా పోయేది దాదాపు నాలుగో వంతు బొమ్మ. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే అంత ఓపికగా వెన్నెల పరిచిన ‘లాహిరి లాహిరి’ పాటలో నెత్తి మీది ఆకాశమూ, పడవ కింది నీళ్లూ తీసేస్తే ఇక మిగిలే నౌకావిహారం ఏమిటి?

వెనకటి రోజుల్లో ఇది అటునుంచి జరిగేది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన అలాంటి వెడల్పు బొమ్మలను చదరపు టీవీల కోసం క్యాసెట్లకు ఎక్కించినప్పుడు రెండు పక్కలా కోసేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కూ మరొకరి చెవీ మాత్రమే మన పాలిట పడేవి. అప్పుడు పక్కలు కోశారు, ఇప్పుడు తలలు కోస్తున్నారు. యూట్యూబులో చూడు, నేనూ చూస్తాను. దాచుకోవడానికి మాత్రం కోత పడని ప్రతిని వెతుక్కో.

ప్రశ్న: పిల్లలకు ‘మల్లీశ్వరి’ పాటలు నేర్పుతుంటాను. పాత రికార్డు పెడితే నా హార్మోనియం చక్కగా కలుస్తుంది. వీసీడీ పెడితే ఏ మెట్టుకూ కలవదు. నా చెవి పాడైందంటారా?
– ఒక సంగీత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మీ చెవి నిక్షేపంలా ఉంది మాస్టారూ. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ నాకు నచ్చిన ప్రశ్న మీదే.

సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. మన దేశపు టీవీ పద్ధతిని ‘పాల్’ అంటారు. అందులో సెకనుకు 25 బొమ్మలు. ఈ తేడాను సర్దడానికి తేలిక మార్గం ఒకటుంది. సినిమాను కొంచెం వేగంగా నడిపి వీడియోకు ఎక్కించేయడమే. సెకనుకు పెరిగింది ఒక్క బొమ్మే కనుక కన్ను పట్టుకోలేదు. చెవి పట్టుకుంటుంది. వేగం నూటికి నాలుగు పాళ్లు పెరిగితే గొంతూ పైకి లేస్తుంది, అర శ్రుతికి కాస్త తక్కువగా. అందుకే హార్మోనియం మీద ఈ మెట్టుకూ కాక ఆ మెట్టుకూ కాక రెంటి నడుమ పడుతోంది. భానుమతి గారి గొంతు వీసీడీలో కొద్దిగా సన్నబడినట్టు ఉండటానికీ ఇదే కారణం. ఒక్క ముక్క కూడా కత్తిరించకుండానే మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందుగా అయిపోతుంది.

అమెరికాలో అమ్మడానికి వేసిన తెలుగు డీవీడీలు అక్కడి ‘ఎన్‌టీఎస్‌సీ’ పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో సినిమా వేగం మార్చకుండానే ఎక్కించవచ్చు కనుక శ్రుతి నిలుస్తుంది, ఇక్కడి పాల్ ప్రతినే తిరగేసి వేసిన సరుకైతే తప్ప. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ శిష్యులు ఉండకుండా ఉండరు. పాత డీవీడీ ఒకటి పంపమనండి. అట్ట వెనక ప్రాంత సంఖ్య చూడమని మాత్రం చెప్పండి. అమెరికాది 1, మనది 5. ‘ఆల్’ అని గానీ సున్నా గానీ ఉంటే ఎక్కడైనా ఆడుతుంది.

అంతవరకూ ఆగలేకపోతే వీసీడీని కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి వేగాన్ని 0.96కు తగ్గించండి. అయితే వేగం మారినా శ్రుతి మారకుండా చూసే ఏర్పాటు అందులో ముందే పెట్టి ఉంటుంది. ఆడియో సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేస్తేనే మీ పని జరుగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి ట్రంకు పెట్టెలో వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. చాలావరకు సినిమాలు, ఒకటి మా అక్క పెళ్లిది. కొన్నిటిలో టేపు మీద తెల్లటి మచ్చలున్నాయి. వీసీఆర్ సంపాదించి వేసి చూడమంటారా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: వద్దు తల్లీ, వేయకండి. ఆ తెల్లటిది బూజు. ఒక్క బూజు టేపు వేస్తే చాలు, వీసీఆర్ లోపల తిరిగే హెడ్లకు అంటుకుని ఆ తర్వాత వేసిన మంచి టేపులకు కూడా పాకుతుంది. చుట్టలు అతుక్కుపోయి ఉంటే టేపు తెగిపోతుంది కూడా. క్యాసెట్టు కిటికీలోకి టార్చిలైటు వేసి చూడండి. చుట్ట అంచు నల్లగా నున్నగా ఉంటే ఫరవాలేదు. పిండి చల్లినట్టు ఉన్నవాటిని వేరే పెట్టెలో పెట్టి, శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చే అనుభవం ఉన్నవారికే ఇవ్వండి.

డబ్బు చూసుకుని ఖర్చు పెట్టేటట్లయితే పెళ్లి క్యాసెట్టు ముందు. సినిమా పిచ్చిదాన్ని నేనే చెబుతున్నాను. ఆ సినిమాలకు ఊరూరా ప్రతులు ఉంటాయి, మీ అక్క పెళ్లికి అదొక్కటే. రెండో వంతు టీవీ నుంచి రికార్డు చేసుకున్న వాటిది. సినిమా మామూలుదే అయినా మధ్యలో ఆనాటి ప్రకటనలు, అనౌన్సరు మాటలు ఉంటాయి. నేనైతే వాటి కోసమే ఆ టేపులు చూస్తాను.

మిగిలిన వాటిని పూర్తిగా ఒక వైపుకు చుట్టి, పుస్తకాల్లా నిలబెట్టి దాచండి. అటక మీద మాత్రం పెట్టకండి. వేసవిలో అటక అంత వేడి ఇంట్లో ఇంకెక్కడా ఉండదు. చెమ్మ పట్టే గోడ కూడా పనికిరాదు.

ప్రశ్న: డిస్కులు ఎలా సర్దాలన్న దాని మీద మా ఇంట్లో రోజూ తగవు. మావారు హీరోల వారీగా అంటారు, నేను అక్షరక్రమంలో అంటాను. తీర్పు మీరే చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: హీరోల వారీగా సర్దితే ‘గుండమ్మ కథ’ రామారావు గారి అరలో పెడతారా, నాగేశ్వరరావు గారి అరలోనా? నన్నడిగితే సూర్యకాంతం గారి అరలో పెట్టాలి. కాబట్టి మీవారి పద్ధతి కొట్టివేయడమైనది. మీ పద్ధతి వెతుక్కోవడానికి మంచిదే. నేను మాత్రం విడుదలైన సంవత్సరం ప్రకారం పెడతాను. 1951 అరలో ‘పాతాళ భైరవి’, ‘మల్లీశ్వరి’ పక్కపక్కన ఉంటాయి. రెండింటిలోనూ రామారావు గారే. ఒకదానిలో సాహసం తప్ప మరొకటి ఎరగని తోట రాముడు, ఇంకోదానిలో ఉలి పట్టుకున్న నాగరాజు. ఒకే ఏడాదిలో ఒకే మనిషి అని అక్షరక్రమం మీకు చెప్పదు.

అరల కంటే ముఖ్యం కార్డు. ప్రతి డిస్కుకూ ఒక కార్డు రాస్తాను. నా ‘మల్లీశ్వరి’ వీసీడీ కార్డు మీద ఇలా ఉంది: ‘మూడు డిస్కులు. పాల్ వేగం. పేర్లు సగం నుంచి మొదలు. రెండో డిస్కు చివర మాట మధ్యలో తెగుతుంది, మూడో డిస్కులో ఆ మాట లేదు. పై మూల అమ్మినవారి ముద్ర కదులుతూ ఉంటుంది, చంద్రుడి మీదకు వచ్చినప్పుడు చికాకు.’ చికాకు సంగతి గ్రంథాలయ నియమాల్లో లేదు, నా సొంతం.

సినిమాలో ఎంత పోయిందో లెక్క కట్టడానికి ఒక ఉపాయం చెబుతాను. ముందుగా చూపించే సెన్సారు సర్టిఫికెట్టును వదిలేయకుండా అక్కడ ఆపండి. అందులో నిడివి మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.4 మీటర్లు నడుస్తుంది. 4,800 మీటర్లని ఉంటే 175 నిమిషాల సినిమా అన్నమాట. మీ డిస్కు 168 నిమిషాలు చూపిస్తే కంగారు పడకండి, అది విజయనగరం మాస్టారికి చెప్పిన వేగం తేడా. 150 చూపిస్తే మాత్రం 18 నిమిషాలు ఎవరో మింగేశారు. అది కూడా కార్డు మీద రాయండి.

ప్రశ్న: మీ సేకరణలో మీకు అత్యంత ఇష్టమైన పది సినిమాలు చెప్పండి.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: పది చెబితే పదకొండోదానికి అన్యాయం జరుగుతుంది. మళ్లీ మళ్లీ బయటికి తీసేవాటిలో మూడు చెబుతాను.

‘మల్లీశ్వరి’ ఎలాగూ ఉంది. బి.ఎన్.రెడ్డి గారి ఆ సినిమాలో వాన రాత్రి ఘట్టం ఒక్కటి చూడటానికి డిస్కు పెట్టిన రోజులున్నాయి. వానకు తలదాచుకున్న చోట మల్లి ఆడుతుంది. మారువేషంలో వచ్చిన రాయలవారూ పెద్దన గారూ చూస్తారు. వాళ్లెవరో తెలియని నాగరాజు, మా మల్లికి పల్లకీ పంపమని మీ రాయలవారితో చెప్పండి అని హాస్యమాడతాడు. ఆ పల్లకీ నిజంగా వస్తుంది. కష్టమంతా వేళాకోళంలోంచి పుట్టించడం చూడండి, దుర్మార్గుడి అవసరం లేకుండా! పాటలూ, కృష్ణశాస్త్రి గారూ అంటూ అందరూ మెచ్చుకుంటారు, నాకు ముందు ఈ కథ కట్టుబడి మీద గౌరవం.

రెండోది 1967లో వచ్చిన ‘సాక్షి’. బాపు గారి మొదటి సినిమా. గోదావరి ప్రాంతంలోని పులిదిండిలో తీశారు. కృష్ణ అందులో పిరికివాడైన పడవవాడు. హత్య చూసి సాక్ష్యం చెబుతాడు, ఆ తర్వాత ఊరంతా తలుపులు వేసుకుంటుంది. సెట్టింగుల ఇళ్లు చూసి చూసి అలసిన కంటికి ఆ ఊరి వెలుతురు ఎంత హాయో.

మూడోది బి.నర్సింగరావు గారి ‘దాసి’, 1988. గడీలో ఒక దాసి బతుకు. మాట తక్కువ. అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో కలిపి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. తోట వైకుంఠం గారు కళా దర్శకులు. వంటింటి పొగా, నీళ్ల చప్పుడూ పాత్రల్లా ఉంటాయి కనుక ఫ్యాను ఆపి చూడండి. దీనికి మంచి ప్రతి ఉండటం మిగతావాటికంటే ఎక్కువ అవసరం, చీకటి గదులన్నీ నాసి ప్రతిలో బొగ్గు ముద్దలవుతాయి.

ప్రశ్న: ఎంత వెతికినా మీకు దొరకని సినిమా ఏది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నాకే కాదు, ఎవరికీ దొరకనిది. 1932 నాటి మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’. ప్రింటే మిగలలేదు. అప్పటి ఫిల్ము నైట్రేటుది, అగ్గిపుల్ల దగ్గరికి వస్తే చాలు అంటుకునే రకం. పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవు పెట్టింది 1964లో, అప్పటికే తొలి టాకీలు చాలా పోయాయి. దాచినవాటిలో కొన్ని నైట్రేటు ప్రింట్లు 2003 జనవరిలో పుణెలోనే అగ్ని ప్రమాదంలో కాలిపోయాయి.

ప్రశ్న: ఇల్లు మారుతున్నాం. రెండు అట్టపెట్టెల నిండా వీసీడీలున్నాయి. పాత సామాన్లవాడికి వేసేయమని పిల్లలు పోరుతున్నారు.
– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: పిల్లల మాటలో న్యాయం ఉంది. వీసీడీ బొమ్మలో ఉండే వివరం డీవీడీలో నాలుగో వంతు. 2007 ప్రాంతంలో మోసర్ బేయర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మినప్పుడు మనమంతా సంచులకొద్దీ కొన్నాం. అవన్నీ మోసుకు తిరగనక్కరలేదు.

ఒక్కొక్కటీ లైటుకు అడ్డంగా పెట్టి చూడండి. పూత లేచి సూది బెజ్జాల్లా వెలుగు కనిపిస్తే తీసిపారేయండి. బాగున్నవాటిని మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దకండి. తర్వాత నిడివి చూసి ఇప్పుడు దొరుకుతున్న ప్రతితో పోల్చండి. మీ దాంట్లో ఉన్న పాట అక్కడ లేకపోతే, బొమ్మ ఎంత మసకగా ఉన్నా అది ఉంచుకోవలసిందే. రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి మీ అబ్బాయి ఇంట్లో పెట్టండి. మిగిలినవి నిరభ్యంతరంగా ఇచ్చేయండి. ఖాళీ డబ్బాలు మాత్రం పారేయకుండా ఈ పత్రిక చిరునామాకు నా పేరిట పంపండి, నాకు ఎప్పుడూ చాలవు. పార్సిలు ఖర్చు నాదే.