షేర్ కౌంట్ చూపించాలా వద్దా? ముందు ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి

వ్యాసం పక్కన “ఇంతమంది షేర్ చేశారు” అని అంకె పెట్టాలా, ఉత్త బటన్లు ఉంటే చాలా అన్నది ప్రశ్న. ఎక్కువ సైట్లకు నా జవాబు ఒకటే: బటన్లు ఉంచండి, అంకె తీసేయండి. మినహాయింపులు లేకపోలేదు, వాటి సంగతి కింద చెప్తాను. పాఠకుడి మీద అంకె ప్రభావం ఎంత అని వాదించుకునేముందు అసలు ఆ అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలియాలి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

ట్విట్టర్ 2015 నవంబరు 20న తన బటన్ పక్కనున్న కౌంట్‌ను తీసేసింది, ఆ లెక్క ఇచ్చే దారినీ మూసేసింది. లింక్డ్‌ఇన్ 2018లో అదే పని చేసింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మామూలు వాడుకరులకు పూర్తిగా మూతపడింది. వాట్సాప్, టెలిగ్రామ్, ఈమెయిల్, ఎస్సెమ్మెస్‌ల ద్వారా వెళ్లే లింకుల లెక్క సైటుకు ఎప్పుడూ రాలేదు, రాదు కూడా. జనం ఒకరికొకరు పంపుకునేది ఎక్కువగా ఆ దారుల్లోనే. ఇక మిగిలేది ప్రధానంగా ఫేస్‌బుక్, పింటరెస్ట్. అంటే “మొత్తం షేర్లు” అని పెద్దక్షరాల్లో కనబడే అంకె చాలా సైట్లలో ఫేస్‌బుక్ లెక్కే, పేరు మాత్రం మొత్తానిది.

ఆ ఫేస్‌బుక్ లెక్క కూడా షేర్ల లెక్క అనుకోవద్దు. గ్రాఫ్ ఏపీఐకి (ప్రోగ్రాములు ఫేస్‌బుక్‌ను సమాచారం అడిగే దారి) ఒక యూఆర్ఎల్, అంటే పేజీ చిరునామా ఇచ్చి ఎంగేజ్‌మెంట్ ఫీల్డు అడిగితే నాలుగు అంకెలు విడివిడిగా వస్తాయి: రియాక్షన్లు, కామెంట్లు, షేర్లు, సైట్‌లో ఫేస్‌బుక్ కామెంట్ల ప్లగిన్ ఉంటే దాని కామెంట్లు. షేర్ బటన్ల కోసం సైట్‌కు తగిలించే చాలా ప్లగిన్లు (అదనపు ప్రోగ్రాములు) ఈ నాలుగూ కూడేసి కింద “షేర్లు” అని రాస్తాయి. ఉదాహరణకు 140 రియాక్షన్లు, 30 కామెంట్లు, 12 షేర్లు ఉన్న వ్యాసానికి 182 షేర్లని చూపిస్తాయి. ఆ 30 కామెంట్లూ తిట్లే అయినా సరే, ప్రశంస ఖాతాలోనే పడతాయి. చూపించి తీరాలనుకుంటే షేర్ల ఫీల్డు ఒక్కటే తీసుకోండి. అంకె బాగా చిన్నదైపోతుంది, కానీ పక్కన రాసిన మాటకు సరిపోతుంది.

ఆ అంకెను తెచ్చుకునే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఏపీఐకి టోకెన్ (ఫేస్‌బుక్‌లో మీరు నమోదు చేసుకున్న యాప్‌ను గుర్తించే తాళంచెవి) లేకుండా పని జరగదు. యాప్ ఐడీ, మధ్యలో నిలువు గీత, యాప్ సీక్రెట్, ఈ మూడూ కలిపితే యాప్ టోకెన్. దీన్ని బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్టులో ఎప్పుడూ పెట్టకూడదు. పేజీ సోర్సు తెరిచిన ఎవరికైనా మీ సీక్రెట్ కనబడిపోతుంది. సర్వర్ నుంచి పిలిచి, వచ్చిన జవాబును డేటాబేస్‌లో దాచుకుని, పేజీకి ఆ దాచిన అంకెనే ఇవ్వాలి. పేజీ తెరిచినప్పుడల్లా పిలిస్తే పేజీ నెమ్మదిస్తుంది, పరిమితీ దాటిపోతుంది. యాప్ టోకెన్‌కు గంటకు దొరికే పిలుపుల సంఖ్య, ఆ యాప్‌ను వాడే జనం సంఖ్యను 200తో హెచ్చవేసిన లెక్కను బట్టి ఉంటుంది. కేవలం కౌంట్ల కోసం పెట్టుకున్న యాప్‌కు వాడుకరులంటూ ఎవరూ ఉండరు కాబట్టి కోటా త్వరగా అయిపోతుంది. ఎర్రర్ కోడ్ 4 వచ్చిందంటే అర్థం అదే. వారం లోపు వ్యాసాలకు గంటకోసారి, ఆర్నెల్ల లోపువాటికి రోజుకోసారి, అంతకంటే పాతవాటికి వారానికోసారి తాజా చేస్తే సరిపోతుంది. అదీ క్రాన్ (నిర్ణీత సమయాలకు సర్వర్ తనంతట నడిపే పని) ద్వారా, కొన్ని కొన్ని విడతలుగా.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఇంకోటుంది. పిలుపు విఫలమైనప్పుడు కోడ్ దాన్ని సున్నాగా చదివి, పాత అంకె మీద సున్నా రాసేస్తుంది. నిన్న 840 ఉన్న వ్యాసం పొద్దున్నకు 0 చూపిస్తుంది. జవాబులో ఎంగేజ్‌మెంట్ భాగం నిజంగా ఉందో లేదో చూసుకుని, ఉంటేనే రాయాలి. లేకపోతే పాత అంకెను ముట్టుకోకుండా వదిలేసి, గంట తర్వాత మళ్లీ ప్రయత్నించాలి.

హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారినప్పుడో, డొమైన్ మార్చినప్పుడో, పర్మాలింకుల (వ్యాసాల శాశ్వత చిరునామాల) రూపం మార్చినప్పుడో కౌంట్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతాయి. ఫేస్‌బుక్ దృష్టిలో వేరే యూఆర్ఎల్ అంటే వేరే వస్తువు. పాతవి కాపాడుకోవాలంటే రెండు పనులు చేయాలి. మార్పుకు ముందు రాసిన వ్యాసాల్లో ఓజీ యూఆర్ఎల్ ట్యాగులో (ఈ పేజీ చిరునామా ఇదీ అని ఫేస్‌బుక్‌కు చెప్పే గుర్తు) పాత చిరునామానే ఉంచాలి. పాత చిరునామాకు ఫేస్‌బుక్ క్రాలర్ (పేజీలు చదివిపోయే ప్రోగ్రాము) వచ్చినప్పుడు దాన్ని మాత్రం కొత్తదానికి రీడైరెక్ట్ చేయకుండా పేజీని 200 కోడ్‌తో, అంటే “పేజీ ఇక్కడే ఉంది” అన్న జవాబుతో ఇవ్వాలి. రెండోది మర్చిపోతే క్రాలర్ పాత చిరునామా నుంచి కొత్తదానికి, అక్కడి ట్యాగు చూసి మళ్లీ పాతదానికి తిరుగుతూ ఉంటుంది, ఫేస్‌బుక్ వాళ్ల లింకు పరీక్ష సాధనమైన షేరింగ్ డీబగ్గర్‌లో ఎర్రర్ కనబడుతుంది. సెర్చ్ ఇంజన్ల కోసం పెట్టే కెనానికల్ లింకు (అసలు చిరునామా ఇదీ అని చెప్పేది) మాత్రం కొత్త చిరునామాకే ఉండాలి. డొమైనే మార్చినవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ పద్ధతిలో కొత్త షేర్లు కూడా పాత డొమైన్ పేరు మీదే నడుస్తాయి కాబట్టి, ఆ పాత డొమైన్‌కు ఏటా డబ్బు కడుతూనే ఉండాలి. ఒక అంకె కోసం ఇంత బరువు మొయ్యాలా అని ఈపాటికి మీకే అనిపిస్తుంటే తప్పులేదు.

దీనికి దగ్గరి దారిగా కొన్ని ప్లగిన్లు పాత, కొత్త చిరునామాల కౌంట్లు రెండూ తెచ్చి కూడతాయి. ఫేస్‌బుక్ ఆ రెంటినీ ఒకే వస్తువుగా గుర్తించిన సందర్భంలో రెండు పిలుపులకూ ఒకే అంకె వస్తుంది, కూడితే రెట్టింపు అవుతుంది. 310 కాస్తా 620. రెండు అంకెలూ సరిగ్గా సమానంగా వస్తే కూడకుండా ఒకటే తీసుకునే షరతు ఆ ప్లగిన్‌లో ఉందో లేదో చూడండి.

ఇక పాఠకుడి విషయం. పెద్ద అంకె జనాన్ని లాగుతుందన్న మాట నిజమే. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో 14 వేలకు పైగా జనానికి 48 పాటలు ఇచ్చారు. కొందరికి డౌన్‌లోడ్ల సంఖ్య చూపించారు, కొందరికి చూపించలేదు. సంఖ్య కనబడినచోట హిట్లు మరింత పెద్ద హిట్లయ్యాయి, కానీ ఏ పాట హిట్టవుతుందో ఊహించడం మరింత కష్టమైంది. మనకు పనికొచ్చేది ఆ రెండో ముక్క. అంకె నాణ్యతను చూపించడం మానేసి, ముందెవరు నొక్కారో దాన్నే పెంచుతుంది. షేర్ చేయడమంటే చదవడం కూడా కాదు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధకులు లెక్కగడితే, ట్విట్టర్‌లో పంచుకున్న లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ ఒక్కసారి కూడా నొక్కలేదు.

చిన్న సైట్లకు ఇంకో ఇబ్బంది ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. కొత్త వ్యాసం పెట్టగానే వచ్చేవాళ్లు మీ రోజువారీ పాఠకులు, న్యూస్‌లెటర్ చందాదారులు. షేర్ చేసే అలవాటు వాళ్లకే ఎక్కువ. వాళ్లు వచ్చేసరికి అంకె 0 లేదా 3. అంకె ఎదిగాక వచ్చేవాళ్లు సెర్చ్ నుంచి సమాధానం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, వాళ్లకు షేర్ చేసే ఉద్దేశమే ఉండదు. అందుకే చూపించేవాళ్లు కనీస హద్దు పెట్టి, అది దాటేదాకా అంకె దాచి ఉంచాలి. హద్దు ఎంతంటే, నేను చెప్పేది ఇది: సైట్‌లోని వ్యాసాలన్నిటి కౌంట్లూ వరసలో పెట్టి పై పావు భాగం ఎక్కడ మొదలవుతుందో చూడండి. అది 100 కూడా లేకపోతే అంకెల జోలికి పోకండి. ఉంటే ఆ అంకెనే హద్దుగా పెట్టుకోండి.

అంకె నిజంగా పనిచేసే చోట్లున్నాయి. సంతకాల సేకరణలో అంకే అసలు విషయం, అది దాస్తే అర్థం లేదు. వంటలు, కుట్లు, ఇంటి అలంకరణ లాంటి సైట్లకు పింటరెస్ట్ నుంచి జనం వస్తారు. అక్కడ ఎంతమంది సేవ్ చేసుకున్నారన్నది “ఇది చేసి చూడదగ్గది” అన్న సూచనగా పనికొస్తుంది. పింటరెస్ట్ అంకె ఒక్కటే, దాని పేరుతోనే చూపించండి, మొత్తంలో కలపకండి. వార్తలకు, ఆరోగ్యం, డబ్బు, చట్టం లాంటి విషయాలకు మాత్రం వద్దు. అక్కడ ఎక్కువమంది పంచుకున్నారన్నది, అందులో ఎంత నిజముందో చెప్పే కొలమానంలా అనిపించకూడదు.

అంకె కోసం బయటివాళ్ల స్క్రిప్టు తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో 2018లో తేలింది. ట్విట్టర్ కౌంట్ పోయాక దాని బదులు చాలామంది వాడుకున్న న్యూషేర్‌కౌంట్స్ అనే సేవ ఆ ఏడాది మూతపడింది. స్క్రిప్టు ఉన్న అమెజాన్ ఎస్3 బకెట్ (ఆన్‌లైన్ నిల్వ స్థలం) పేరు ఖాళీ కాగానే ఇంకెవరో తీసుకుని అందులో తమ కోడ్ పెట్టారు. దాన్ని తీసేయడం మర్చిపోయిన సైట్లలో ఫోన్ మీద వెనక్కి బటన్ నొక్కిన పాఠకులు మోసపు పేజీలకు వెళ్లిపోయారు. యూరప్ పాఠకులున్న సైట్లకు చట్టం కోణమూ ఉంది. పేజీలో ఫేస్‌బుక్ లైక్ బటన్ పొదిగితే, పాఠకుడి డేటా సేకరించి ఫేస్‌బుక్‌కు పంపే పనికి సైటు యజమానిదీ ఉమ్మడి బాధ్యతేనని యూరోపియన్ న్యాయస్థానం 2019 జులై 29న ఫ్యాషన్ ఐడీ కేసులో చెప్పింది. మామూలు లింకుగా చేసిన బటనైతే పాఠకుడు నొక్కేదాకా ఎక్కడికీ ఏమీ వెళ్లదు.

అంకె ఆలస్యంగా లోడయితే బటన్ వెడల్పు మారి పక్కవి జరుగుతాయి. అంకెకు ముందే నాలుగంకెలు పట్టేంత కనీస వెడల్పు కేటాయించండి. లేఅవుట్ షిఫ్ట్ స్కోరు (పేజీ లోడవుతుండగా అందులోవి ఎంత జరిగాయన్న కొలత) 0.1 దాటనివ్వకూడదు.

“మా సైట్‌లో పరీక్షించి చూస్తాం” అనేవాళ్లు ముందు లెక్క వేసుకోండి. బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్.యూకే 2014లో తన షేర్ బటన్లను కొలిస్తే, వాడకం పేజీ సందర్శనల్లో సుమారు 0.2 శాతమే. 0.2 నుంచి 0.25కు పెరిగిందని మామూలు నమ్మకం స్థాయిలో తేల్చాలంటే అంకె చూసేవాళ్ల వైపు, చూడనివాళ్ల వైపు, ఒక్కోదానికి దాదాపు 1,44,000 సందర్శనలు కావాలి. అంత రద్దీ లేని సైట్‌లో రెండు వారాల పరీక్ష ఫలితం ఉత్త ఊగిసలాట. రద్దీ ఉంటే వ్యాసాలను కాదు, సందర్శకులను రెండుగా విడగొట్టండి, కుకీ ఆధారంగా. పేజీ క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇచ్చే ఏర్పాటు) ఉన్నచోట సర్వర్‌లో విడగొడితే మొదట వచ్చినవాడికి ఇచ్చిన రూపమే అందరికీ వెళ్తుంది. అందుకని అంకెను చూపడం, దాచడం బ్రౌజర్ వైపే చేయాలి.

అంకె తీసేశాక ఫోన్ల మీద ఒకే ఒక్క “పంపండి” బటన్ పెట్టి, వెబ్ షేర్ ఏపీఐ ద్వారా ఫోన్ సొంత షేర్ పట్టీ తెరిపించండి. హెచ్‌టీటీపీఎస్ ఉండాలి, పాఠకుడు నొక్కినప్పుడే పిలవాలి, పేజీ తెరవగానే పిలిస్తే తెరుచుకోదు. అన్ని డెస్క్‌టాప్ బ్రౌజర్లలోనూ ఇది లేదు కాబట్టి, లేనిచోట “లింకు కాపీ” బటన్ కనబడేలా చేయండి. ఏ యాప్‌కు పంపారో ఇది చెప్పదు. పాఠకుడు మధ్యలో వద్దనుకుంటే అబార్ట్ ఎర్రర్ (రద్దయిందన్న సందేశం) వస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

పాత ప్లగిన్‌ను డియాక్టివేట్ చేసి ఊరుకోకండి. దాని క్రాన్ పనులు, ప్రతి పోస్టుకూ డేటాబేస్‌లో రాసిపెట్టిన కౌంట్ వరసలు, థీమ్‌లో అతికించిన స్క్రిప్టు ముక్కలు చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. వాటిని తుడిచేసి, ఫేస్‌బుక్ యాప్ సీక్రెట్‌ను రీసెట్ చేయండి.