సర్వే వాళ్లు మా గుమ్మం తొక్కలేదేం?

ఎన్నికల ముందు వచ్చే సర్వేల గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాసి, సందేహాలుంటే పంపమన్నాం. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ బోలెడు వచ్చాయి, సగానికి పైగా హైదరాబాద్ నుంచే. ఒకేలాంటివి కలిపేసి, ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం. చాలామంది పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేం చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. ఒక్క ఎన్నికకీ ఏ సర్వే వాళ్లూ మా గుమ్మం తొక్కలేదు. మా చుట్టాల్లోనూ ఎవర్నీ అడగలేదట. మరి ‘ప్రజల నాడి’ అంటూ టీవీల్లో చెప్తున్నది ఎవరి చెయ్యి పట్టుకుని చూసిన నాడి? (గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: మిమ్మల్ని అడగకపోవడంలో వింతేమీ లేదండీ. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తెలంగాణలో ఓటర్లు 3 కోట్ల 20 లక్షల పైనే. ఒక సర్వే పదివేల మందిని అడిగిందంటే చాలా పెద్ద సర్వే కింద లెక్క, అయినా మూడు వేల మంది ఓటర్లకు ఒక్కరి వంతే వస్తుంది. లాటరీ తీసినట్టు ఎవరి మీదా మొగ్గు లేకుండా వెయ్యి మందిని ఎంచుకోగలిగితే, వచ్చే లెక్క అసలు లెక్కకు దాదాపు 3 శాతం అటూ ఇటూగా ఉంటుంది. 2,400 మందైతే ఆ తేడా 2 శాతానికి, పదివేల మందైతే 1 శాతానికి తగ్గుతుంది. కాబట్టి ఎంతమందిని అడిగారన్న దానికంటే ఎవరిని ఎలా ఎంచుకున్నారన్నదే నేను ముందు చూస్తాను.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అంతమంది మాట విని రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసింది, తీరా చూస్తే అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ కార్డులు వెళ్లిందేమో ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల చిరునామాలకు. పైగా వాటిని పనిగట్టుకుని తిరిగి పంపినవాళ్లలో రూజ్‌వెల్ట్ మీద కసి ఉన్నవాళ్లే ఎక్కువ. అదే ఎన్నికలో అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని అడిగిన జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు.

ఇప్పుడు మీ కూకట్‌పల్లికే వద్దాం. సర్వే కుర్రాడు ట్యాబ్ పట్టుకుని గేటెడ్ కమ్యూనిటీ దగ్గరికి వస్తే సెక్యూరిటీ వాళ్లు లోపలికి పోనివ్వరు. ఏ ఫ్లాట్‌కి వచ్చావో చెప్పు, వాళ్లకి ఫోన్ చేయించు అంటారు. ఆ కుర్రాడికి రోజుకి ఇన్ని ఫారాలని టార్గెట్ ఉంటుంది. ఇక చేసేదేముంది, ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లని అడుగుతాడు. అక్కడుండేది మగవాళ్లే, అందులోనూ మధ్యాహ్నం పూట తీరిగ్గా ఉన్నవాళ్లు. పై అంతస్తుల్లో ఉన్న మీరూ, మీ ఇంట్లో పనిచేసి నాలుగింటికి బస్తీకి వెళ్లిపోయే ఆవిడా ఆ లెక్కలోకి రారు. శాంపిల్ పదివేలని టీవీలో వేసినంత మాత్రాన ఈ లోటు పూడదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు కానీ, రాష్ట్రం ఒకే కుండలో వండిన అన్నం కాదు. 2023లో హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. మజ్లిస్‌కు 7, బీఆర్‌ఎస్‌కు 7, బీజేపీకి 1. అదే ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10కి 9 కాంగ్రెస్, దాని మిత్రపక్షం సీపీఐ కలిసి గెలుచుకున్నాయి. నల్గొండలో 12కి 11 కాంగ్రెస్‌వే. మన కాలనీలో, మన ఆఫీసులో వినపడే మాటని బట్టి రాష్ట్రం గాలి ఎటుందో చెప్పేవాళ్లకి ఆ ఏడాది పెద్ద షాక్. సిటీలో ఆ గాలి ఎక్కడా కనపడలేదు మరి.

ప్రశ్న: ఇంగ్లిష్ చానళ్లలో ‘లైక్లీ ఓటర్స్’ అంటుంటారు. ఓటరంటే ఓటరే కదా, ఇందులో మళ్లీ లైక్లీ ఏంటి? (ప్రైవేటు ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: నా దృష్టిలో హైదరాబాద్‌కి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ ఓటరే. కానీ ఆ రోజు నిజంగా బూత్‌కి వెళ్లేవాళ్లు వేరు, ‘లైక్లీ ఓటర్స్’ అనేది వాళ్లనే. సర్వేకి కావాల్సింది ఆ వెళ్లేవాళ్ల మనసులో మాట. ఓటేస్తారా అని సూటిగా అడిగితే నూటికి తొంభై మంది ‘వేస్తామండీ’ అంటారు. వేయనని మొహం మీద చెప్పడానికి ఎవరికైనా నామోషీగానే ఉంటుంది. అందుకని అమెరికాలో గాలప్ లాంటి సంస్థలు వేరే దారి పట్టాయి. పోయినసారి ఓటేశారా, మీ పోలింగ్ బూత్ ఎక్కడో తెలుసా, ఈ ఎన్నికల గురించి ఎంత ఆలోచిస్తున్నారు అని చుట్టూ తిప్పి అడిగి, జవాబులకు మార్కులేసి, ఇంతకు పైన వచ్చినవాళ్లే ఓటేస్తారని తేల్చేవి. ఈ జల్లెడ కూడా ఒక్కోసారి దెబ్బతీస్తుంది. 2012 అధ్యక్ష ఎన్నికల్లో గాలప్ చివరి సర్వేలో పేరు నమోదైన ఓటర్లందరి లెక్కలో ఒబామా ముందున్నాడు, ‘తప్పక వేసేవాళ్ల’ లెక్కకి వచ్చేసరికి ఆయన ప్రత్యర్థి రామ్నీ 49, ఒబామా 48 అని తేలింది. చివరికి దాదాపు 4 పాయింట్ల తేడాతో ఒబామాయే గెలిచాడు.

మన దగ్గరికొస్తే, 2023లో రాష్ట్రం మొత్తం మీద 71 శాతం దాకా పోలింగ్ జరిగింది. మునుగోడులో 90 శాతం దాటింది. హైదరాబాద్ జిల్లాలో సగం కూడా పడలేదు, యాకుత్‌పురాలో 40 శాతంలోపే. మునుగోడులో ఒకాయన చెప్పిన అభిప్రాయం దాదాపు ఓటుగా మారుతుంది. యాకుత్‌పురాలో చెప్పిన అభిప్రాయం ఓటుగా మారకపోవడానికే ఎక్కువ అవకాశం. రెండింటినీ ఒకే తూకంలో వేసి సగటు తీస్తే ఆ సర్వే మొదట్లోనే తప్పినట్టు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే, ఓటు ఇక్కడ ఉందా ఊళ్లో ఉందా అని అడిగి చూడండి. నల్గొండ, పాలమూరు, భీమవరం, ఒంగోలు అని రకరకాల జవాబులొస్తాయి. 2024 మే 13న తెలంగాణలో లోక్‌సభ పోలింగ్, ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ ఒకే రోజు వచ్చాయి. రెండు రోజుల ముందు నుంచే ఎల్బీనగర్ దగ్గర బస్సుల కోసం జనం ఎలా ఎగబడ్డారో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అలా వెళ్లే మనిషిని ఎల్బీనగర్ ఓటరుగా రాసుకుంటే ఆ ఫారం దండగే. ‘మీ ఓటు ఏ నియోజకవర్గంలో ఉంది’ అన్నది మొదటి ప్రశ్నగా లేని సర్వేని నేను నమ్మను. ఇళ్లు మారిపోయినవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు కూడా సిటీ జాబితాల్లో చాలా మిగిలిపోతుంటాయి, పోలింగ్ శాతం మరీ తక్కువగా కనపడటానికి అదీ ఒక కారణం.

ప్రశ్న: ఒక పార్టీకి 39 శాతం ఓట్లని సర్వే చెప్తుంది. వెంటనే ఇన్ని సీట్లని బొమ్మ వేసేస్తారు. ఆ లెక్క ఎలా కడతారు? (డిగ్రీ లెక్చరర్, హనుమకొండ)

జవాబు: మాస్టారూ, మీరు 39 అన్నారు కాబట్టి దాన్నే తీసుకుందాం. 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు 39 శాతం చిల్లర, సీట్లు 119కి 64. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికీ 39 శాతమే, సీట్లు 175కి 23. 2024లో వైఎస్సార్‌సీపీకి కూడా 39 శాతమే, సీట్లు 11. ఒకే ఓటు శాతం ఒకచోట ప్రభుత్వాన్ని ఇచ్చింది, ఇంకోచోట ప్రతిపక్ష హోదాకి కూడా చాలలేదు.

తేడా అంతా ఎదుటివాళ్ల ఓట్లు ఎలా ఉన్నాయన్న దాంట్లో ఉంది. తెలంగాణలో మిగతా ఓట్లు బీఆర్‌ఎస్‌కు 37, బీజేపీకి దాదాపు 14 శాతంగా చీలిపోయాయి. ఆంధ్రలో 2019లో ఎదుటి పార్టీకి ఒక్కదానికే 50 శాతం దాకా వచ్చింది, 2024లో మూడు పార్టీలు ఒక్కటై నిలబడ్డాయి. 1980లలో ప్రణయ్ రాయ్, అశోక్ లాహిరి, డేవిడ్ బట్లర్ అనే ఎన్నికల విశ్లేషకులు ఈ చీలికని కొలవడానికే ప్రతిపక్షాల ఐక్యతా సూచీ అని ఒకటి తయారుచేశారు. అది లేకుండా ఓట్ల శాతం చూసి సీట్లు చెప్పడం గుడ్డిగా రాయి విసరడమే.

దానికి తోడు, 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కూ బీఆర్‌ఎస్‌కూ మధ్య తేడా 2 శాతం చిల్లరే. వెయ్యి మందిని అడిగిన సర్వేకి ఒక్కో పార్టీ లెక్కలోనే 3 శాతం అటూ ఇటూ ఉంటుంది, రెండు పార్టీల మధ్య తేడా దగ్గరికొచ్చేసరికి అది ఇంచుమించు రెట్టింపవుతుంది. అలాంటి పోటీలో ‘ఫలానావాళ్లే గెలుస్తారు, ఇన్ని సీట్లు’ అని పోలింగ్‌కి నెల ముందు కచ్చితంగా చెప్పిన వాళ్ల మాట నిజమైనా దాన్ని శాస్త్రమని నేననను. ఇక ఒక్కో నియోజకవర్గం మాటైతే ఎత్తకండి. చేవెళ్లలో ఆ ఏడాది గెలుపు తేడా 268 ఓట్లు.

ప్రశ్న: సర్వే వాళ్లు వస్తే మా నాన్న ఎప్పుడూ అధికారంలో ఉన్న పార్టీ పేరే చెప్తాడు. నిజం చెప్తే పింఛను ఆగిపోతుందని ఆయన భయం. ఇలాంటి అబద్ధాల మీద కట్టిన సర్వే నిలుస్తుందా? (ఆటో డ్రైవర్, బోరబండ)

జవాబు: మీ నాన్నగారి భయాన్ని తక్కువ చేయను. ఇంటి ముందు ముక్కూ మొహం తెలియని మనిషి నిలబడి పేరు, కులం, ఫోన్ నంబరు రాసుకుంటుంటే, పక్కన గల్లీ లీడర్ చూస్తుంటే, ఎవరైనా అలాగే చెప్తారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటేశారో చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు. చెప్పడం ఇష్టం లేదని అనేయొచ్చు, సర్వేలో అదీ ఒక జవాబే.

పద్ధతిగా చేసేవాళ్లకి ఈ సంగతి తెలుసు. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థకు చెందిన లోక్‌నీతి వాళ్లు ఓటర్ల జాబితాలోంచి పేర్లు తీసుకుని వెళ్తారు. ఓటు ఎవరికన్న ప్రశ్న దగ్గర నోటితో చెప్పమనరు. పార్టీ గుర్తులున్న డమ్మీ బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తు పెట్టి మడిచి పెట్టెలో వేయమంటారు. అడిగినవాళ్లకే జవాబు కనపడదు. ఫోన్లో ‘ఈ పార్టీకైతే ఒకటి నొక్కండి’ అనే రికార్డింగు వాయిస్‌కి ఆ మర్యాద ఎక్కడిది? మీ నంబరు వాళ్ల దగ్గర ఉండనే ఉంది.

ఒకటి మాత్రం నాన్నగారికి గట్టిగా చెప్పండి. అభిప్రాయం అడిగే ఏ సర్వేకీ ఆధార్ నంబరు అక్కర్లేదు, ఓటీపీ అసలే అక్కర్లేదు. అడిగారంటే వాళ్లు వచ్చిన పని వేరు.

ప్రశ్న: పోలింగ్ ముందు రోజు రాత్రి కూడా వాట్సాప్‌లో సర్వేలు తిరుగుతాయి. చట్టం ఒప్పుకుంటుందా? (విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి)

జవాబు: ఒప్పుకోదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఎలక్ట్రానిక్ మీడియాలో ఒపీనియన్ పోల్ ఫలితాలు చూపించకూడదు. ఎగ్జిట్ పోల్స్‌కి 126ఏ సెక్షన్ వేరే ఉంది, పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసి అరగంట అయ్యేదాకా నిషేధం, తప్పితే రెండేళ్ల దాకా జైలు. సంస్థ పేరు, తేదీలు, ఎంతమందిని ఎలా అడిగారన్న వివరం లేని బొమ్మ వస్తే ఫార్వర్డ్ చేయకండి, అలాంటివి చాలావరకు పార్టీ ఆఫీసుల్లోనే పుడతాయి.

ప్రశ్న: మా బావ సర్వేలు చూసి పందాలు కాస్తాడు. ఎంత చెప్పినా వినడు. (గృహిణి, మియాపూర్)

జవాబు: మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వేలంటే ఒకప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ గురి ఉండేది. 2018లో తెలంగాణలో కాంగ్రెస్, తెలుగుదేశం కలిసిన ప్రజాకూటమి గెలుస్తుందన్నారు, టీఆర్‌ఎస్‌కు (ఇప్పటి బీఆర్‌ఎస్) 88 సీట్లు వచ్చాయి. 2019లో ఆంధ్రలో తెలుగుదేశానికి 100కి పది అటూ ఇటూ అన్నారు, వచ్చినవి 23. ఆ రెండుసార్లూ ఆ మాట మీద డబ్బు పెట్టి మునిగినవాళ్లు ఊరూరా ఉన్నారు. పందెం నేరం కూడా. మీ అక్కయ్యతో కలిసి కూర్చుని ఇంట్లో డబ్బు లెక్క మీ చేతుల్లోకి తీసుకోండి, బావగారికి నచ్చజెప్పడం ఆ తర్వాత సంగతి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. సెలవుల్లో సర్వే పనికి వెళ్తే మా సూపర్‌వైజర్, తిరగలేకపోతే రూములో కూర్చుని నింపేయండి, టైమ్ అయిపోతోంది అంటున్నాడు. అందరూ అదే చేస్తున్నారు. ఏం చేయమంటారు? (విద్యార్థిని, నారాయణగూడ)

జవాబు: చేయకమ్మా. నువ్వు రూములో కూర్చుని నింపిన ఒక్కో ఫారం మూడు వేల మంది నోట్లో లేని మాట పెట్టినట్టు. పైగా దొరికిపోతారు కూడా. ట్యాబ్‌లో లొకేషన్ పడుతుంది, ఒక్కో ఇంటర్వ్యూకి ఎంతసేపు పట్టిందో పడుతుంది, కొన్ని సంస్థలు ఆడియో రికార్డు చేసి మధ్యమధ్యలో వింటాయి. ఇన్ని ఫారాలు చేయలేను, చేసినవి మాత్రం నిజమైనవి ఇస్తానని సూపర్‌వైజర్‌కి చెప్పు. ఒప్పుకోకపోతే ఆ డబ్బు వదిలేసుకో.

వెళ్లిన చోట రెండు విషయాలు గుర్తుపెట్టుకో. జాబితాలో ఇచ్చిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి పోవద్దు, సాయంత్రం ఏడు తర్వాత మళ్లీ వెళ్లు. పగలు ఇంట్లో దొరకనివాళ్లు ఉద్యోగస్తులు, కూలీకి పోయేవాళ్లు, వాళ్లని వదిలేస్తే ఆ సర్వేలో వాళ్లుండరు. రెండోది, ఆడవాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్ల ఆయన ముందుకొచ్చి ‘మా ఇంట్లో అందరిదీ ఒకటే ఓటు, నేను చెప్తా రాసుకో’ అంటాడు. నువ్వు ఆడపిల్లవి కాబట్టి లోపలికి వెళ్లడం నీకు తేలిక. వంటగదిలోకైనా వెళ్లి, ఆవిడతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడి, ఆవిడ చెప్పిందే రాసుకో.