ఇయర్ టెన్నా, ఇయర్ లెవెనా? ముందు వీసా లెక్క చూడండి

ఆస్ట్రేలియాలోని జీలాంగ్ నుంచి ఒకమ్మ అడిగిన సందేహం. 491 వీసా మీద ఏప్రిల్‌లో దిగారు. పాప గుంటూరులో టెన్త్ పూర్తి చేసింది. ఇక్కడి స్కూలు వాళ్ళు ఇయర్ టెన్‌లో కూర్చోబెడతామంటున్నారు. "చదివిన క్లాసే మళ్ళీ చదివించడమేమిటి, ఏడాది దండగ కదా? ఇయర్ లెవెన్ కోసం పట్టుబట్టమంటారా?"

పట్టుబట్టకండమ్మా. కొత్తగా వచ్చిన ప్రతి ఇంట్లో ఇదే తొందర. మేమేం తక్కువ తినలేదు, అందుకే చెబుతున్నా. ఏడాది పోతుందని బాధపడేవాళ్ళు ఆ ఏడాది విలువ డాలర్లలో కట్టి చూడరు. మీ విషయంలో అది నలభై వేల పైమాటే.

ఎలాగంటారా? 491 తాత్కాలిక వీసా. అది చేతిలో ఉన్నంతకాలం పాప స్కూల్లో ఎంత బాగా చదివినా యూనివర్సిటీ గుమ్మం దగ్గర అంతర్జాతీయ విద్యార్థే. ఇంజనీరింగ్‌కి ఏడాదికి నలభై వేల డాలర్లు దాటిపోతుంది. అదే సీటు పర్మనెంట్ రెసిడెంటుకి (పీఆర్) ప్రభుత్వ సాయం ఉన్న సీటుగా వస్తే, 2024 లెక్కల్లో ఏడాదికి గరిష్ఠంగా 8,948 డాలర్లు. నర్సింగ్, టీచింగ్ అయితే 4,445. బిజినెస్, లా, ఆర్ట్స్‌లో చాలావాటికి 16,323. మనవాళ్ళు ఇంజనీరింగే ఖరీదు, కామర్స్ చవక అనుకుంటారు. ఇక్కడ అది తిరగేసి ఉంటుంది.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టండి. 491 మీద మూడేళ్ళు నిండాకే, మూడు సంవత్సరాల ట్యాక్స్ నోటీసులు చేతిలో ఉంటేనే, 191 అనే పర్మనెంట్ వీసాకి అప్లై చేయగలరు. మీకది నాలుగో ఏప్రిల్. పైన ప్రాసెసింగ్ నెలలు వేరే. పాప ఈ ఏడాది ఇయర్ లెవెన్‌లో దూరితే వచ్చే ఏడాది నవంబరుకే ఇయర్ ట్వెల్వ్ అయిపోతుంది. ఆ తర్వాత ఏడాదికి పైగా మీకు పీఆర్ రాదు. ఇయర్ టెన్‌లో చేరితే స్కూలు మూడో ఏడాది నవంబరులో ముగుస్తుంది, మధ్యలో మిగిలేది కొద్ది నెలలు. జూలై ఇన్‌టేక్‌కో, ఆ పై ఫిబ్రవరికో పీఆర్‌తో వెళ్తుంది. ఆ ఖాళీ నెలల్లో ఏదైనా ఉద్యోగం చేసుకోనివ్వండి. ఏటార్ (యూనివర్సిటీ ప్రవేశానికి చూసే ర్యాంకు) పాసిపోయే సరుకు కాదు, మరుసటి ఏడాది కూడా దాంతోనే అప్లై చేయొచ్చు. పాప వయసుకి సరిపోయే క్లాసు కూడా ఇయర్ టెన్నే.

పీఆర్ వచ్చింది కదా, ఇక హెక్స్ (ఫీజుకి ప్రభుత్వం ఇచ్చే అప్పు) తీసుకుంటాం అనుకోవడం రెండో పొరపాటు. పీఆర్ వాళ్ళకి తగ్గింపు సీటు ఉంటుంది, అప్పు ఉండదు. సెన్సస్ డేట్‌లోపు, అంటే సెమిస్టర్ ఫీజు గడువులోపు, డబ్బు మొత్తం కట్టాలి. యూనివర్సిటీలో ఏడాదికి ఎనిమిది యూనిట్లు, అంటే సబ్జెక్టులు. ఇంజనీరింగ్ యూనిట్ ఒక్కటీ 2024 లెక్కన సుమారు 1,118 డాలర్లు, అంటే ఫిబ్రవరి సెమిస్టర్‌కి నాలుగున్నర వేలు రెడీగా ఉండాలి. హెక్స్ కావాలంటే సిటిజన్‌షిప్ ఉండాలి. దానికి నాలుగేళ్ళ నివాసం, అందులో చివరి ఏడాది పీఆర్‌గా. 491 మీద గడిపిన కాలం నాలుగేళ్ళలోకి వస్తుంది. కోర్సు మధ్యలో సిటిజన్ అయితే ఆ తర్వాతి సెన్సస్ డేట్ నుంచి అప్పు తీసుకోవచ్చు, వెనక కట్టింది మాత్రం తిరిగి రాదు.

ఇక్కడే చాలామంది తండ్రులు బిగుసుకుపోతారు. ఊళ్ళో పొలం కొనుక్కోవాలి, ఇండియన్ పాస్‌పోర్టు వదలం అంటారు. నిజమే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారతీయులకి ఇచ్చే కార్డు) మీద వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అయితే పాస్‌పోర్టు భార్యాభర్తలిద్దరూ ఒకేసారి వదలాలని ఎవరూ అనలేదు. పదహారు నిండిన పిల్లలు సిటిజన్‌షిప్‌కి విడిగా అప్లై చేసుకోవాలి, అదీ గుర్తుంచుకోండి.

ఇక సబ్జెక్టులు. మీరున్న విక్టోరియా రాష్ట్రంలో వీసీఈ (ఇయర్ లెవెన్, ట్వెల్వ్ సర్టిఫికెట్) అంటే రెండేళ్ళు, ఒక్కో సబ్జెక్టుకి యూనిట్లు ఒకటి నుంచి నాలుగు. సర్టిఫికెట్‌కి కనీసం పదహారు యూనిట్లు, వాటిలో మూడు ఇంగ్లిష్‌వి. మనకి ఎంపీసీ, బైపీసీ అని కట్టకట్టి ఇస్తారు, ఇక్కడ ఎవరి కట్ట వాళ్ళే కట్టుకోవాలి. సబ్జెక్టులు ఎంచుకునే ఫారం ఇయర్ టెన్ మధ్యలో, జూలై, ఆగస్టుల్లో ఇంటికొస్తుంది. మీరు వచ్చిన నాలుగు నెలలకే అన్నమాట.

ఏటార్ మార్కుల శాతం కాదు, వరస. ఎనభై వచ్చిందంటే ఆ వయసు పిల్లల్లో పై ఇరవై శాతంలో ఉన్నట్టు. ఇంటర్‌లో ఎనభై శాతం అనుకుని పిల్లని తిట్టకండి. లెక్క ఇలా వేస్తారు: ఇంగ్లిష్ తప్పనిసరిగా, దానికి మరో మూడు మంచి సబ్జెక్టుల స్కోర్లు పూర్తిగా, అయిదో, ఆరో సబ్జెక్టులు ఉంటే వాటిలో పదో వంతు మాత్రమే. ఇంగ్లిష్‌ని పక్కకు నెట్టే దారి లేదు. లెక్కల ట్యూషన్‌కి డబ్బు పోసి ఇంగ్లిష్‌ని గాలికొదిలేసే ఇళ్ళలో ఏటార్ పడిపోయేది అందుకే.

"ఇంట్లో తెలుగే కదా, ఈఏఎల్ ఇప్పించండి" అని అడుగుతారు కొందరు. ఈఏఎల్ అంటే ఇంగ్లిష్ సొంత భాష కానివాళ్ళకి పెట్టిన ఇంగ్లిష్ సబ్జెక్టు. అది కావాలంటే ఇంగ్లిష్ మాట్లాడే దేశంలో ఏడేళ్ళకు మించి ఉండకూడదు, చదువు కూడా ఏడేళ్ళకు మించి ఇంగ్లిష్ మీడియంలో సాగి ఉండకూడదు. రెండూ కలిసి రావాలి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం పిల్లలకి అక్కడే తలుపు మూసుకుంటుంది. అయిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి అవకాశం ఉంది, మీడియం రాసి ఉన్న స్టడీ సర్టిఫికెట్లు బయలుదేరే ముందే తీసుకోండి. ఈఏఎల్ దొరికినా అంతా లాభం కాదు. మామూలు ఇంగ్లిష్‌లో యాభైకి 25 అడిగే కోర్సులు ఈఏఎల్‌లో సాధారణంగా 30 అడుగుతాయి.

స్కేలింగ్, అంటే సబ్జెక్టుని బట్టి స్కోరు పైకో కిందకో సర్దడం, ఆ మాట వినగానే మనవాళ్ళకి పూనకం వస్తుంది. లెక్కల్లో అన్నిటికన్నా కష్టమైన స్పెషలిస్ట్ మ్యాథ్స్‌లో ముప్పై వస్తే ఇటీవలి ఏళ్ళలో అది నలభై దాకా లేస్తోంది, దాని కింది మెట్టు మెథడ్స్ కూడా పైకే పోతుంది, తేలికైన జనరల్ మ్యాథ్స్ కొంచెం దిగుతుంది. కానీ స్పెషలిస్ట్ ఎత్తిచ్చేది అది తీసుకునేవాళ్ళు గట్టివాళ్ళు కాబట్టి. ఆ గుంపులో వెనకబడితే స్కేలింగ్ ఆదుకోదు, పైగా దానికి పెట్టిన రాత్రుల వల్ల ఇంగ్లిష్ కూడా పోతుంది. ఇంజనీరింగ్‌కి చాలా చోట్ల మెథడ్స్ చాలు. అది తప్పక తీసుకోండి, జనరల్ మ్యాథ్స్ అక్కడ పనికిరాదు. మెడిసిన్ ఆశ ఉంటే కెమిస్ట్రీ వదలొద్దు, ఇయర్ ట్వెల్వ్‌లో యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. హిందీ సెకండ్ లాంగ్వేజ్‌గా వచ్చినవాళ్ళు వీసీఈ హిందీ చూడండి, భాషలకి స్కేలింగ్‌లో అదనంగా కొంత కలుపుతారు.

మెథడ్స్‌లో నలభై శాతం సాక్ పరీక్షలది, అంటే ఏడాది పొడుగునా స్కూల్లో పెట్టేవి. మిగతా అరవై చివరి రెండు పరీక్షలవి. ఇంగ్లిష్‌లో చెరిసగం. చివరి నెలలో ఇంట్లో బంధించి చదివిస్తే ఇంటర్‌లో గట్టెక్కవచ్చేమో, ఇక్కడ అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. సాక్ మార్కులు ఉన్నవి ఉన్నట్టు వెళ్ళవు. స్కూలు పిల్లలంతా బయటి పరీక్షలో ఎలా రాశారో చూసి సర్దుతారు. స్కూల్లో పాప ఎన్నో స్థానంలో ఉందన్నదే నిలుస్తుంది, తొంభై వచ్చిందా డెబ్బై వచ్చిందా అన్నది కాదు.

ఏటార్ అక్కర్లేని దారి కూడా ఉంది, చెబితే మనవాళ్ళు మొహం తిప్పుకుంటారు. 2023 నుంచి వీసీఈ వొకేషనల్ మేజర్ వచ్చింది. అదీ వీసీఈయే, ఏటార్ మాత్రం రాదు. స్కూలు చదువుతూనే సర్టిఫికెట్ టూ స్థాయి వృత్తి శిక్షణ 180 గంటలు పూర్తి చేయాలి. ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్ నాలుగేళ్ళు, మొదటి రోజు నుంచీ జీతం. నర్సింగ్‌కి టేఫ్‌లో (ప్రభుత్వ వృత్తి విద్యా కాలేజీ) డిప్లొమా చేసి, ఎన్‌రోల్డ్ నర్సుగా సంపాదిస్తూ డిగ్రీకి వెళ్ళేవాళ్ళున్నారు, కొన్ని సబ్జెక్టులు మినహాయిస్తారు కూడా. అయితే విక్టోరియా ఫ్రీ టేఫ్ సిటిజన్లకి, పీఆర్ వాళ్ళకి. 491 మీద ఉండగా ఉచితం అనే బోర్డు చూసి చేర్చేయకండి, ముందు ఫీజు అడిగి కనుక్కోండి.

తేదీల సంగతి యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే వీటాక్ సైట్లో చూసుకోండి. మామూలు గడువు సెప్టెంబరు చివర, ఎనిమిది ప్రిఫరెన్సులు, ఫలితాలు డిసెంబరులో. ఫలితం చూశాక ప్రిఫరెన్సుల వరస మార్చుకునేందుకు కొన్ని రోజులు ఇస్తారు, ఆ వారం ఇండియా టికెట్లు బుక్ చేయకండి.

చివరగా, మెథడ్స్ తీసుకుంటే క్యాలిక్యులేటర్ కొనాలి. రెండు వందల డాలర్ల పైనే. సీఏఎస్ ఉన్నదే కొనండి. అది లేని మోడల్ అచ్చం అలాగే ఉంటుంది, కాస్త చవకగా దొరుకుతుంది, సమీకరణాల్ని అక్షరాలతో సాధించలేదు. స్కూలు ఏ కంపెనీది నేర్పుతోందో అడిగాకే, సీనియర్ పిల్లల దగ్గర పాతది దొరుకుతుందేమో చూశాకే డబ్బు తీయండి.