ఫార్మాట్ ఆపు, ముందు ఫైళ్లు తీసుకో

చిరంజీవి శ్రావణికి, మావయ్య ఆశీస్సులు.

లాప్‌టాప్ లేవడం లేదని, షాపతను ఫార్మాట్ కొడితే సరిపోతుందన్నాడని రాశావు. ఫార్మాట్ అంటే డిస్క్ మీదున్నదంతా చెరిపేయడమే. అతనికి మిషన్ నడిస్తే చాలు. నీకు కావలసింది అందులోని థీసిస్. అది బయటికి వచ్చేదాకా రిపేరు మాట ఎత్తకమ్మా.

లైటే వెలగకపోతే చార్జర్ పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, మళ్లీ చార్జర్ పెట్టి చూడు. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలుపు. పోయింది తెర ఒక్కటే కావచ్చు. కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతే మాత్రం విండోస్ పాడైందో, డిస్కే పోతోందో తేలాలి.

నీది పాతది కాబట్టి తిరిగే హార్డ్‌డిస్కే ఉండొచ్చు. చెవి దగ్గర పెట్టి విను. టక్ టక్‌మంటుంటే వెంటనే ఆపేయి, మరి ఆన్ చేయకు. లోపల డేటా చదివే హెడ్, డేటా ఉండే పళ్లేన్ని గీకేస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. అది డేటా రికవరీ ల్యాబ్ పని, ఖర్చు కూడా గట్టిగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందనేవాళ్లు తగులుతారు, వినకు.

శబ్దమేమీ లేకపోతే తమ్ముడి కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితం) దింపి, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది, చూసుకో. దాన్ని నీ లాప్‌టాప్‌కి పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కుతూ ఉండు. హెచ్‌పీ అయితే ఎఫ్9. ఉబుంటు వచ్చాక 'ట్రై' అన్నదే ఎంచుకో, 'ఇన్‌స్టాల్' జోలికి పోకు. అప్పుడు నీ డిస్క్‌ని ముట్టుకోకుండా ఉబుంటు పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. నీ ఫోల్డర్లు కనిపిస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చెయ్యి. థీసిస్ ముందు, ఫొటోలు తర్వాత. సినిమాల సంగతి నన్ను అడక్కు.

డిస్క్ తెరవబోతే కీ అడిగిందా? అది బిట్‌లాకర్, డిస్క్‌కి విండోస్ వేసే తాళం. 48 అంకెల రికవరీ కీ సాధారణంగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూడు.

డిస్క్‌లో తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ నడపమని కూడా ఎవరో ఒకరు అంటారు. నీరసించిన డిస్క్‌ని అది ఇంకా అలసిపోయేలా చేస్తుంది, పైగా డిస్క్ మీది రాతలు మార్చేస్తుంది. కాపీ అయ్యాక ఏమైనా చేసుకో. ఒకవేళ లోపల ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్) ఉంటే ఫార్మాట్ విషయంలో మరీ జాగ్రత్త: ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపినవి దాదాపు తిరిగి రావు.

ఆన్ చేసినప్పుడు తెర మీద ఏం వస్తోందో ఫొటో తీసి ఈ రాత్రికే పంపు. మీ అత్తయ్య అడిగానని చెప్పమంది.

మావయ్య