ఏశావు కౌగిలించుకున్నాడు సరే, దానికి ముందేం జరిగింది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఇద్దరం అన్నదమ్ములం, నేను పెద్దవాణ్ని. నాన్న పక్షవాతంతో మంచంలో ఉండగా ఇల్లు తమ్ముడి పేర గిఫ్ట్ డీడ్ రాయించారు. దగ్గరుండి నడిపించింది అమ్మే. నాన్న పోయాక, ఏడాది క్రితం నాకు తెలిసింది. వచ్చే నెల తమ్ముడి కూతురి పెళ్లి. "ఏశావు యాకోబును క్షమించలేదా, నీకేమైంది?" అని అమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. నిద్ర పట్టడం లేదు. చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవడం కూడా మానేశాను.

జవాబు: మీ అమ్మగారు ఆ కథను చివరి నుంచి చెబుతున్నారు. అన్న ఏశావు తమ్ముడు యాకోబును కౌగిలించుకోవడం బైబిల్లో ఆదికాండము 33వ అధ్యాయంలో ఉంది. మీ బాధంతా 27లో ఉంది.

పెద్దకొడుకు ఏశావుకు దక్కాల్సిన దీవెన కొట్టేయడానికి, చూపు పోయిన తండ్రి ఇస్సాకు దగ్గరికి చిన్నకొడుకు యాకోబును పంపింది తల్లి రిబ్కాయే. అన్న బట్టలు తొడిగి, చేతులకు, మెడకు మేకపిల్లల తోలు కప్పి మరీ పంపింది. శాపం తగిలితే నాకే తగలనీ అంది. తీరా ఏశావు పగబట్టాక, నువ్వు చేసింది మీ అన్న మరిచిపోయేదాకా కొన్నాళ్లు మా అన్న లాబాను దగ్గర ఉండు అంది. ఆ మోసంలో తన పాత్ర ఊసే ఎత్తలేదు. మీ ఇంట్లోనూ తమ్ముడి మీద కోపం పైకి కనిపిస్తోంది గానీ, అసలు నొప్పి అమ్మ దగ్గర ఉందేమో చూసుకోండి.

ఆ కొన్నాళ్లు 20 ఏళ్లయ్యాయి. మీకు ఏడాదే అయింది. పైగా ఏశావు మొదట అనుకున్నది, నాన్న పోయాక తమ్ముణ్ని చంపేద్దామని! మీరు ఫోన్ ఎత్తి మాట్లాడుతూనే ఉన్నారు. దీనికి బల్ల మానేసేంత అపరాధభావం ఎందుకు? మీ పాస్టర్‌గారితో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక, ముందు కదిలిందెవరు? యాకోబు. మేకలు 220, గొర్రెలు 220, పిల్లలతో సహా పాడి ఒంటెలు 30, ఆవులు 40, ఎద్దులు 10, గాడిదలు 30, మందకూ మందకూ మధ్య ఎడం ఉంచి ముందే పంపాడు. అన్న 400 మందితో వస్తున్నాడన్న భయమూ ఉందనుకోండి. ఏడుసార్లు నేలకు వంగాడు. నాకు కావలసినంత ఉంది తమ్ముడూ అని ఏశావు అన్నా వినకుండా, బతిమాలి ఇచ్చాడు. మీ తమ్ముడు ఈ ఏడాదిలో ఒక్క మాటైనా అన్నాడా? మీ ఉత్తరంలో లేదు. అమ్మ ఏశావును మాత్రమే గుర్తు చేస్తున్నారంటే, యాకోబు చేయాల్సింది ఆవిడకు గుర్తు లేదనే.

ఇంకో సంగతి. ఏడ్చి కౌగిలించుకున్నాక కూడా వాళ్లు కలిసి ఉండలేదు. అన్న ఉండే శేయీరుకు వస్తానన్న యాకోబు సుక్కోతులో ఇల్లు కట్టుకున్నాడు. మళ్లీ ఇద్దరూ కలిసి కనిపించేది తండ్రిని పాతిపెట్టేటప్పుడే. క్షమిస్తే పాత రాకపోకలన్నీ మొదలవ్వాలన్న టెన్షన్ మీకు ఉన్నట్టుంది. అక్కర్లేదు.

పెళ్లికి వెళ్లండి. ఆ అమ్మాయి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. దీవించి, భోంచేసి వచ్చేయండి. ఆస్తి మాట మండపంలో ఎవరెత్తినా, "పెళ్లయ్యాక కూర్చుందాం" అని లేవండి. అమ్మతో మాత్రం పెళ్లికి ముందే, ఫోన్‌లో కాకుండా ఎదురుగా మాట్లాడండి. "నాకు ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగి ఆగండి. ఆవిడ ఏడ్చినా జవాబు వచ్చేదాకా టాపిక్ మార్చొద్దు.

గిఫ్ట్ డీడ్ సంగతి వేరు. మోసంతోనో ఒత్తిడితోనో రాయించారనిపిస్తే, దాన్ని రద్దు చేయమని కోర్టుకెళ్లడానికి మామూలుగా విషయం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. మీకు ఒక ఏడాది గడిచింది. కేసు వేయాలా వద్దా అన్నది తర్వాత, ముందు డీడ్ నకలు తీసుకుని సివిల్ లాయర్‌కు చూపించండి. నిద్ర ఇలాగే పట్టకపోతే డాక్టర్‌ను కలవడం కూడా పెళ్లి దాకా వాయిదా వేయకండి.